కాలువలో డీజిలు ఒలికినచో సహకార సంఘముల కర్తవ్యము

కాలువ నీరు పొలమునకు మాత్రమే పారునది కాదు. అదియే నారుమడికిని, అదియే పశువుల తొట్టికిని, అదియే వేసవి నిల్వ చెరువు ద్వారా మన కుండకును, అదియే చేపల చెరువునకును చేరుచున్నది. గట్టున కీవల నున్నవారును ఆవల నున్నవారును ఒకే నీటిని నమ్ముకొని బ్రదుకుచున్నారు. అట్టి నీటిపై నొక రాత్రి ఇనుప పడవ యొకటి ఇసుక మేట నెక్కి, అడుగు చిట్లి, యంత్రమునకు పోసికొన్న డీజిలు కారుట మొదలిడినచో మన మేమి చేయవలెను? ముందుగా నెవ్వరికి కబురు పంపవలెను? ఏ తూము మూయవలెను? కలిగిన నష్టము నెవ్వరు భరింపవలెను? ఈ ప్రశ్నలకు సమాధానములు ఆపద వచ్చిన రాత్రి లాంతరు పట్టుకొని వెదకుకొనదగినవి కావు. అందుచేత ఈ మాసమున మేము దీనిని సభ్యుల యెదుట నుంచుచున్నాము.

మన కాలువలలో పడవలెక్కడివి, ఆ కాలము గడచిపోయినది గదా యని కొందరనవచ్చును. ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైన నాటినుండి మన డెల్టా కాలువలు సేద్యమునకును పడవలకును గూడ నుద్దేశింపబడినవే. లాకులు కట్టినది పడవల కొరకే. రైలును లారీయు వచ్చిన పిదప ఆ రాకపోకలు క్షీణించిన మాట నిజము. కాని, 2008లో కాకినాడ మొదలు పుదుచ్చేరి వరకు గల కాలువలను, వానితోపాటు భద్రాచలము నుండి రాజమహేంద్రవరము వరకు గోదావరిని, వజీరాబాదు నుండి విజయవాడ వరకు కృష్ణను కలిపి 4వ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. పెద్ద జలమార్గము సంగతి యటుండగా, ఇసుక త్రవ్వు పడవలు, పూడిక తీయు యంత్రములు, రేవులలో మనుష్యులను బండ్లను దాటించు పంటులు మన కనుల యెదుటనే యున్నవి. వీనిలో ప్రతిదానికిని డీజిలు తొట్టి యొకటి కలదు.

2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన కృష్ణకు వచ్చిన మహాప్రవాహములో ఇనుప పడవలు కొన్ని కొట్టుకొనివచ్చి ప్రకాశము బ్యారేజీ ద్వారములను ఢీకొనుటయు, ద్వారముల వెనుకనుండు ప్రతిబరువులు దెబ్బతినుటయు సభ్యులు మరచియుండరు. నీటిలో చిక్కిన యా పడవలను తీయుటకు అనేక దినములు పట్టినది. నాటి చర్చ యంతయు ద్వారములను గురించియే జరిగినది, జరుగవలసినదే. కాని, బరువైన పడవ యొకటి నీటిలో చిక్కుకొనినచో దానిని వెంటనే కదల్చుట ఎంత కష్టమో కూడ ఆనాడు తెల్లమైనది. చిక్కిన పడవనుండి నూనె కారుచుండినచో, ఆ అనేక దినములును మన తూముల పాలిట అనేక దినములే.

ఇతర దేశములలో నేమి జరిగినదో చూచిన మనకు బుద్ధి వచ్చును. కెనడా దేశపు పశ్చిమ తీరమున బెల్లా బెల్లా యను గ్రామమునకు సమీపమున, 2016వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీ రాత్రి ఒంటిగంట దాటిన పిమ్మట, నేథన్ ఈ. స్టూవర్ట్ అను యంత్రపు నౌకయు దానికి జోడింపబడిన తొట్టిపడవయు రాతిమెట్ట నెక్కినవి. కారణము తుపాను కాదు, పొగమంచు కాదు. కాపలా నున్న ఉద్యోగి ఒంటరిగా నుండి నిద్రపోయెను. ఆరు గంటలు పని, ఆరు గంటలు విరామము చొప్పున రేయింబవళ్లు నడచు కొలువది. తొట్టిపడవలో సరకు లేదు, ఖాళీగా నున్నది. అయినను నౌక తన యంత్రముల కొరకు మోసికొన్న డీజిలే సుమారు 1,10,000 లీటర్లు నీటిపాలయ్యెను. అచ్చట తరతరములుగా నివసించు హైల్ట్సుక్ జాతివారు తమ యాహారమునకును వర్తకమునకును ఆ తావున ఆలుచిప్పలను సేకరించెడివారు. ఆ జీవనాధారము మూతపడినది. నూనెను చుట్టుముట్టుటకు వేసిన తేలెడు కంచెలు గాలికిని అలలకును నిలువలేకపోయినవి.

ఇది సముద్రపు పాయలో జరిగినది గదా, మనకేల యని తలచువారి కొరకు నదిలో జరిగిన దానిని గూడ చెప్పెదము. 2014వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీ తెల్లవారుజామున పొరుగు దేశమగు బంగ్లాదేశమున సుందరవనములలోని షేలా నదిపై నూనె పడవ నొకదానిని మరియొక సరకు పడవ పొగమంచులో ఢీకొనినది. సుమారు 3,50,000 లీటర్ల కొలిమినూనె నదిలో కలిసినది. అది డీజిలుకంటె చిక్కనిది, నల్లనిది. దానిని తీయుటకు మొదట దిగినవారెవరు? యంత్రములు కావు, నిపుణులు కారు. ఆ యొడ్డున చేపలు పట్టుకొని బ్రదుకువారును, వారి పిల్లలును. కుండలు, పళ్లెములు, స్పంజి ముక్కలు, కొందరు వట్టి చేతులు. తీసి తెచ్చిన నూనెకు లీటరునకు 30 టాకాల చొప్పున వెల కట్టి కొనిరి. చేతికి తొడుగు లేదు, ముఖమునకు గుడ్డ లేదు. ఒలికినది పడవ యజమాని నూనె. ఒడలికి పూసికొన్నది బీదవాడు.

ఈ రెండు ఉదంతముల నుండి మేము గ్రహించినది రెండు మాటలలో చెప్పవచ్చును. మొదటి గంటలు ఒడ్డున నున్న గ్రామస్థునివే. ఎంత మంచి దొరతనమైనను అంత త్వరగా రాజాలదు. కాని ఖర్చును బాధ్యతయు పడవ యజమానివే. గ్రామస్థుడు ముందుగా చేయి వేసినంత మాత్రమున అవి గ్రామస్థునకు సంక్రమింపరాదు. మొదటి మాట మరచినచో పంట పోవును. రెండవ మాట మరచినచో న్యాయము పోవును. మన సంఘములు ఈ రెంటికిని సిద్ధముగా నుండవలెను.

సిద్ధపడుటకు ముందు శత్రువు స్వభావ మెరుగవలెను. డీజిలు నీటికంటె తేలిక. పైన తేలి మిక్కిలి పలుచని పొరగా వ్యాపించును. ఇంద్రధనుస్సు రంగులు కనబడు పొర మందము మిల్లీమీటరులో వేయవవంతు ప్రాంతమున నుండును. ఆ లెక్కన ఒక్క లీటరు పావు ఎకరము నీటిని కప్పును. 200 లీటర్ల పీపా యొక్కటి దాదాపు 50 ఎకరములను కప్పును. రంగులు చూచి భయపడి పడవలోనిదంతయు వచ్చినదని తలపరాదు. రంగులు పలుచన గదా యని ఉపేక్షింపనూ రాదు. మన యెండలకు దానిలో తేలికపాటి భాగము ఒకటి రెండు దినములలో ఆవిరియై పోవును. కాని తక్కిన దానిలో కొంత నీట కరగి చేపలకును రొయ్యలకును విషమగును. కొంత బురదనీటిలోని ఒండ్రుతో కలిసి అడుగున చేరును. కొలిమినూనెవలె అంటుకొని కనబడదు గనుక పోయినదనుకొందుము, పోకయే యుండవచ్చును.

ఇక చేయవలసిన పనులు. పడవ చిక్కినట్లు మొదట చూచినవాడు లస్కరుకును, నీటిపారుదల శాఖ ఇంజనీరుకును, తహసీలుదారుకును, అగ్నిమాపక కేంద్రమునకును, దిగువ గ్రామముల సంఘములకును ఒకే వేళ కబురు పంపవలెను. కబురులో నాలుగు సంగతులుండవలెను: ఎచ్చట, ఎప్పుడు, నూనె యింకను కారుచున్నదా లేదా, పడవలో మొత్తమెంత యున్నది. నాలుగవదానిని పడవవాని నోటనే అడిగి వ్రాసికొనవలెను. వాడు తగ్గించి చెప్పవచ్చును. చెప్పినది వ్రాతలో నుండుట మేలు.

పడవను లాగివేయుదమని పదిమంది త్రాళ్లు పట్టుట మొదట తోచు ఆలోచన. అది ప్రమాదకరము. చిట్లిన చోటు నేలకు ఒత్తుకొని యున్నంతసేపు కారుట తక్కువగా నుండవచ్చును. లాగిన క్షణమున చీలిక పెద్దదగును. మొదట యంత్రము నాపి, నిప్పు చుట్ట దూరముగా నుంచి, తొట్టిలో మిగిలిన డీజిలును వేరొక పాత్రలోనికి ఎత్తించి, పిమ్మట పడవను కదల్చుట క్రమము. ఈ పని తెలిసిన వారిది. మన పని వారు వచ్చువరకు తొందరపాటును ఆపుట. పడవను తేల్చుటకు కాలువకు నీరెక్కువ వదలుడని యజమాని కోరవచ్చును. అట్లు చేసినచో పడవతో పాటు నూనెయు తేలి మన తూములకు వచ్చును. నీరు పెంచుట గాని తగ్గించుట గాని ఇంజనీరు దిగువ సంఘములతో మాటాడిన పిమ్మటనే జరుగవలెను.

నూనె ఎప్పుడు వచ్చునో లెక్క కట్టుట కష్టము కాదు. కాలువలో గడ్డిపోచ వేసి, నూరు మీటర్లు పోవుటకెంత కాలము పట్టునో చూడుడు. గంటకు 2 కిలోమీటర్ల చొప్పున పారు కాలువలో 6 కిలోమీటర్ల యెగువన ఒలికిన నూనెకు 3 గంటల వ్యవధి కలదు. గాలియు తోడైనచో, గాలి వేగములో నూటికి 3 వంతుల మేర నూనె పొర ఆ దిక్కునకు జరుగును. ఆ మూడు గంటలలో తాగునీటి చెరువునకు పోవు తూము మొట్టమొదట మూయవలెను. పిమ్మట చేపల చెరువుల పంపులు నిలుపవలెను. తరువాత పంట బోదెల తూములు. నూనె వాసన కొట్టు నీరు కాచినంత మాత్రమున త్రాగదగినది కాదని ఇంటింట చెప్పవలెను.

నూనెను పట్టుటకు మనకు తెలిసిన వస్తువులే చాలవరకు ఉపయోగించును. వెదురు బొంగులను త్రాటితో వరుసగా కట్టి, క్రిందకు గోనెపట్ట వ్రేలాడదీసినచో తేలెడు కంచె యగును. ఎండు వరిగడ్డిని వలలో కూరి చుట్టలుగా చేసి దాని వెనుక వేయవచ్చును. అయితే రెండు జాగ్రత్తలు. గడ్డి నూనెతో పాటు నీటిని గూడ పీల్చును గనుక, బరువెక్కి మునుగకముందే తీసి క్రొత్తది వేయవలెను. రెండవది ముఖ్యము: కంచెను ప్రవాహమునకు నిలువుగా అడ్డము కట్టరాదు. నీరు గంటకు సుమారు 1.3 కిలోమీటర్లకు మించి పారినచో నూనె కంచె క్రిందుగా దూరిపోవును. కంచెను ఏటవాలుగా, ఒక చివర ఎగువ గట్టునను మరియొక చివర దిగువ గట్టునను కట్టినచో, నూనె కంచె వెంబడి జారి, నీరు నెమ్మదిగా నుండు ఒడ్డు మూలకు చేరును. అచ్చట చేదవచ్చును.

చిన్న బోదెలలో దీనికంటె మేలైన యుపాయము కలదు. బోదెకు అడ్డముగా మట్టికట్ట వేసి, దానిలో గొట్టము నొకదానిని వాలుగా నుంచవలెను. ఎగువ వైపు మూతి నీటి అడుగున మునిగి యుండవలెను. దిగువ వైపు మూతి దానికంటె ఎత్తున నుండవలెను. అడుగు నీరు గొట్టము ద్వారా పోవును. పైన తేలు నూనె కట్ట వద్ద నిలుచును. పొలమునకు నీరు ఆగదు, నూనె రాదు. తూములు వేయుట తెలిసిన మన కూలీలకు ఇది ఒక పూట పని.

చేయరాని పనులు గూడ చెప్పవలెను. సబ్బునీరు గాని నురుగు మందులు గాని చల్లి నూనెను మాయము చేయరాదు. అది కన్నులకు మాయమై, చిన్న చుక్కలుగా నీటిలో కలిసి చేపలకు మరింత హాని చేయును. నిప్పు పెట్టరాదు, డీజిలు పెట్రోలువలె తటాలున అంటుకొనదు గాని, తడిసిన గడ్డి వత్తివలె పనిచేయును, గట్టు మీద వరికుప్పలు గలవు. చేదిన నూనెను తిరిగి ఇంజనులలో పోసికొనరాదు. తడిసిన గడ్డిని పశువులకు వేయరాదు, పొయ్యిలో పెట్టరాదు. టార్పాలిను పరచిన గోతిలో నుంచి కాలుష్య నియంత్రణ మండలి వారికి అప్పగింపవలెను. చేతులకు తొడుగులును కాళ్లకు రబ్బరు జోళ్లును లేనివానిని నీటిలోనికి దింపరాదు. స్త్రీలను పిల్లలను కూలి యాశ చూపి దింపుట షేలా నదిలో జరిగినది చాలును.

నూనె పొలములోనికి వచ్చియే యున్నచో నేమి? మొదటి ఆలోచన మడి కోసి నీరు వదలుట. అట్లు చేసినచో నూనె పొరుగువాని మడికి పోవుటయే గాక, నీరు దిగినకొలది పొర మట్టిపై బడి వేళ్లకు చేరును. నీటిని నిలిపి, పైపొరను గడ్డి చుట్టలతో ఒక మూలకు త్రోసి ఎత్తించుట మేలు. నేల నూనె పీల్చినయెడల దానిని తినివేయు సూక్ష్మజీవులు నేలలోనే కలవు. వానికి గాలియు నత్రజనియు కావలెను. అవి నత్రజనిని లాగికొనుట చేత పైరు పచ్చబారవచ్చును. ఎంత ఎరువు, ఎన్ని దున్నకములు అనునది మట్టి పరీక్ష చేయించి వ్యవసాయ శాఖవారు చెప్పవలసినది. ఇక పశువులు: డీజిలు త్రాగిన పశువునకు కడుపుకంటె ఊపిరితిత్తులకు ప్రమాదమెక్కువ. దానికి నోటిలో నూనెలు మందులు పోసి కక్కింప జూడరాదు, పశువైద్యుని పిలువవలెను.

ఇంతవరకు చెప్పినది నేర్పు. ఇప్పుడు చెప్పబోవునది ధర్మము. నూనె వచ్చుచున్నదని తెలిసి ప్రతి గ్రామమును తన తూము మూసికొని చేతులు కట్టుకొని కూర్చుండినచో నూనె యెచ్చటికి పోవును? శివారు భూములకు పోవును. నీరు వచ్చునప్పుడు కడపట వచ్చునదియు, నూనె వచ్చునప్పుడు మొత్తము వచ్చునదియు శివారు రైతునకే యైనచో, సహకారమను మాటకు అర్థమేమి? ఎగువ రైతు తన తూము మూయుట తప్పు కాదు. మూసి నూనెను పట్టుటకు రాకపోవుట తప్పు. అందుచేత ప్రతి కాలువకును నూనెను పట్టదగిన తావులను ముందుగానే నిర్ణయించుకొనవలెను. నీరు మందగించు మలుపు, లాకు ఎగువ భాగము, బండి దిగుటకు వీలగు రేవు ఇట్టివి మంచి తావులు. ఆ తావునకు ఎగువ గ్రామములన్నియు మనుష్యులను గడ్డిని పంపవలెను. ఏ గ్రామము ఎంతమందిని పంపవలెనో ఆయకట్టు ఎకరముల లెక్కన నిర్ణయించుకొనవచ్చును. నీటి వంతులు వేసికొనుట నేర్చిన మనకు ఈ వంతు కష్టము కాదు.

తరువాత సాక్ష్యము. బెల్లా బెల్లా ఉదంతమున హైల్ట్సుక్ వారు ఇతరుల నివేదికల కొరకు వేచియుండక, ప్రమాదము జరిగిన పిదప మొదటి 48 గంటలలో ఏ గంట కేమి జరిగినదో తామే విచారించి 2017లో నివేదిక ప్రకటించిరి. 2019లో అచ్చటి న్యాయస్థానము నౌక యజమానులకు సుమారు 29 లక్షల కెనడా డాలర్ల జుల్మానా విధించెను. కాని జుల్మానా వేరు, నష్టపరిహారము వేరు. జుల్మానా తప్పు చేసినందులకు. పరిహారము నష్టపోయిన వానికి. ఆ రెండవదాని కొరకు వారు 2018లోనే వేరుగా దావా వేయవలసి వచ్చినది. సాక్ష్యము లేని దావా నీరు లేని మడివంటిది. కావున మన గ్రామములలో నూనె రాకముందే ఎగువ నీటిని శుభ్రమైన గాజు సీసాలలో పట్టి, వచ్చిన పిమ్మట మరల పట్టి, తేది, గంట, తావు వ్రాసి, చల్లని చీకటి చోట నుంచవలెను. చట్టము ప్రకారము నమూనా తీయు అధికారము కాలుష్య నియంత్రణ మండలి వారిది. మన సీసాలు వారి సీసాలకు బదులు కావు. కాని వారు వచ్చుటకు ఆలస్యమైనచో మన సీసాలే నోరు గలవి. ఎవరెవరు ఎన్ని గంటలు పనిచేసిరి, ఎన్ని మోపుల గడ్డి, ఎన్ని గోనెలు పోయినవి, ఏ సర్వే నంబరులో నూనె నిలిచినది, అన్నియు సంఘపు పుస్తకములో నెక్కవలెను. చేతి ఫోనులతో తీసిన ఛాయాచిత్రములు గూడ భద్రపరుపవలెను.

మన దేశమున చట్టములు లేకపోలేదు. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టము కలదు. పడవల నమోదు, తనిఖీ, సిబ్బంది అర్హత, కాలుష్య నివారణ, భీమా మొదలగు వానికి 2021 నాటి లోతట్టు నౌకల చట్టము కలదు. 2010 నాటి జాతీయ హరిత న్యాయస్థాన చట్టము ప్రకారము ప్రమాద సందర్భమున యజమాని తప్పు నిరూపింపబడకున్నను పరిహారము విధింపవచ్చును. కలుషితము చేసినవాడే మూల్యము చెల్లింపవలెనను సూత్రము ఆ చట్టములో వ్రాయబడియే యున్నది. పరిహారము కోరు అర్జీకి 5 సంవత్సరముల గడువు కలదు. ఒంటరి రైతు రెండెకరముల నష్టమునకు న్యాయస్థానము మెట్లెక్కుట దుర్లభము. నూరుగురు రైతుల లెక్కలు ఒక పుస్తకములో నున్న సంఘము ఎక్కగలదు. సహకార సంఘము అప్పులకును ఎరువులకును మాత్రమే యని తలచువారు ఈ విషయమును ఆలోచింపవలెను.

పడవలను పూర్తిగా నిషేధింపవలెనని కొందరు మిత్రుల మతము. మేము దాని నంగీకరింపము. నీటిమీద సరకు తోలుట రోడ్డుమీద తోలుటకంటె చవుక. మన ధాన్యమును ఒకప్పుడు ఆ దారినే పోయినది, ముందు పోవచ్చును. రేవు దాటించు పంటు లేనిచో ఎన్నో లంకల గ్రామములకు దిక్కులేదు. నీటి దారిని మూయుమని మేము కోరము. ఆ దారిని వాడుకొనువాడు బాధ్యత నెరిగి వాడవలెనని కోరుచున్నాము. వరదకాలమున పడవలకు గట్టి లంగరు, రాత్రి నడచు పడవకు చాలినంత సిబ్బంది, ప్రతి పడవలోను తేలెడు కంచెయు పీల్పుడు చుట్టలును, భీమా పత్రమును ఉన్నవో లేవో చూచిన పిమ్మటనే రేవులలో అనుమతి యియ్యవలెను. ఇది నావికులకు కీడు కాదు. బెల్లా బెల్లాలో నిద్రపోయిన యుద్యోగికి తోడు మరియొకడుండినచో అతనికిని మేలే జరిగియుండును.

ఇది యంతయు ప్రభుత్వపు పని గదా, మన సొమ్మేల వ్యయపరుపవలెనని మరికొందరనుదురు. ప్రభుత్వమునే అడుగవలెను, గట్టిగా అడుగవలెను. సముద్రమున నూనె ఒలికినచో తీరరక్షక దళమువారికి 1996 నుండి జాతీయ ప్రణాళిక యొకటి కలదు. మా వాదమేమన, ప్రతి డెల్టా కాలువకును అట్టి ప్రణాళిక జిల్లా స్థాయిని వ్రాతలో నుండవలెను, అందులో సంఘముల పేరును పనియు నుండవలెను. కాని ప్రణాళిక వచ్చువరకు నీరు ఆగదు. కొన్ని వెదురు బొంగులు, నాలుగు గోనె చుట్టలు, వలలు, రెండు గొట్టములు, ఇరువది జతల చేతితొడుగులు, పది గాజు సీసాలు, కబురు పంపవలసిన వారి జాబితా అంటించిన పలక యొకటి. వీనికి అయ్యెడు ఖర్చు సంఘపు వార్షిక వ్యయములో లెక్కకు రానంత స్వల్పము. వరిగడ్డి మన కళ్లములలోనే కలదు.

కావున మేము సభ్యులకు చేయు మనవి యిది. రాబోవు సర్వసభ్య సమావేశమున మూడు తీర్మానములు చేయుడు. ఒకటి, పైన చెప్పిన సామగ్రిని సంఘపు గిడ్డంగిలో నుంచుట, ఏడాదికొకసారి కాలువ కట్టకముందు తీసి పరీక్షించుట. రెండు, ఎగువ దిగువ సంఘములతో కూర్చుండి నూనె పట్టు తావును, గ్రామముల వంతును వ్రాతమూలముగా నిర్ణయించుట. మూడు, కాలువలో నడచు ప్రతి పడవకును భీమాయు తనిఖీయు జరుగవలెనని జిల్లా అధికారులకు మహజరు పంపుట. మూడవ తీర్మానము లేక మొదటి రెండు చేసినచో ఇతరుల నూనె నెత్తు కూలివారమగుదుము. మొదటి రెండు లేక మూడవది మాత్రమే చేసినచో మహజరు బల్లపై నుండగా పైరు నీటిలో మాడును. మూడును కలిసినప్పుడే కాలువ మనదగును.